దూరపు ఊరి నుంచి సెకండ్ హ్యాండ్ మోటార్‌సైకిల్ కొనడం: బెంగళూరు బండి ఆంధ్ర నంబరుతో మీ ఇంటికి చేరేదాకా

మన ఊళ్లో దొరకని బండి కోసం వేరే రాష్ట్రం వైపు చూడవలసిన సందర్భాలు ఉంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411నే తీసుకుంటే, అది 2016లో మార్కెట్‌లోకి వచ్చింది, 2023లో దాని స్థానాన్ని కొత్త 450 ఆక్రమించింది. పాత ఇంజన్ నెమ్మదితనాన్నీ, తేలిగ్గా విప్పి బాగుచేసుకోగలిగే దాని కట్టుబడినీ ఇష్టపడేవారికి ఇప్పుడు షోరూమ్ దారి మూసుకుపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్ బండే దిక్కు. విజయవాడలో అలాంటివి అరుదుగా అమ్మకానికి వస్తాయి. బెంగళూరులో ఎక్కువ వస్తాయి, పైగా వాటిలో చాలావాటిని ఒకే యజమాని కంపెనీ సర్వీసు తప్పకుండా చేయిస్తూ వాడుకుని ఉంటాడు. అందువల్ల ఈ మార్గదర్శిలో బెంగళూరులో ఉన్న హిమాలయన్‌ను విజయవాడ వాసి నేరుగా యజమాని నుంచి కొనడాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బండి ఏదైనా, ఊళ్లు ఏవైనా పద్ధతి చాలావరకు ఇదే.

దూరపు కొనుగోలులో నష్టపోయినవారిని గమనిస్తే, వారిలో ఎక్కువమందికి బండిని గురించి తెలియక నష్టం రాలేదు. చేయవలసిన పనుల వరుస తలకిందులవడం వల్ల వచ్చింది. బండిని చూడకముందే అడ్వాన్స్ పంపడం, ఎన్‌ఓసి (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి రాకముందే పూర్తి సొమ్ము ఇవ్వడం, పేరు మారకముందే నెలల తరబడి నడపడం వంటి తప్పులు వేటికవి చిన్నవిగానే కనిపిస్తాయి. ఏ మెట్టు దగ్గరైనా పెద్దగా పోగొట్టుకోకుండా వెనక్కి తిరిగి రాగలిగేలా వరుస పెట్టుకుంటే దూరం అంత భయపెట్టదు. కింద చెప్పిన క్రమాన్ని తొందర వల్లనో మొహమాటం వల్లనో మార్చవద్దని నా గట్టి సలహా.

బండికన్నా ముందు రికార్డు చూడాలి

ప్రకటనలో బండి నచ్చిన వెంటనే అడగవలసినది ధర తగ్గింపు కాదు, రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరుతో ఎం-పరివాహన్ యాప్‌లో గానీ పరివాహన్ వెబ్‌సైట్‌లో గానీ చూస్తే యజమాని పేరు కొన్ని అక్షరాలు దాచి కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ తేదీ, ఆర్టీఓ కార్యాలయం, ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం గడువులు, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తాయి. ఈ వివరాలు ప్రకటనలోని మాటలతో సరిపోవాలి. "ఫస్ట్ ఓనర్" అని రాసిన బండి రికార్డులో రెండో యజమాని పేరు మీద ఉంటే మిగతా మాటలను కూడా అదే కొలతతో చూడవలసి వస్తుంది.

నంబర్ ప్లేటు మీది అక్షరాలను చూసి అది ఏ రాష్ట్రపు బండో నిర్ణయించుకోవద్దు. 2014 జూన్‌కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన ఏపీ 09 బండి చూపుకు ఆంధ్ర బండిలా ఉన్నా దాని రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంటుంది, కాబట్టి దానిని విజయవాడకు తేవాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసి కావలసిందే. టీఎస్, 2024 మార్చి నుంచి వస్తున్న టీజీ నంబర్లకూ ఇదే వర్తిస్తుంది. శ్రీకాకుళం నుంచి తిరుపతికి కొనేవారికి మాత్రం దూరం ఎంతైనా రాష్ట్రం ఒకటే కనుక పన్ను బాధ ఉండదు, పని చాలా తేలిక. ఏ రాష్ట్రం పేరూ లేకుండా బీహెచ్ అక్షరాలతో ఉండే బీహెచ్ (భారత్) సిరీస్ బండి అయితే ఇంకొక చిక్కు ఉంది. 2021 సెప్టెంబర్‌లో మొదలైన ఆ సిరీస్ ప్రభుత్వోద్యోగులకూ, పలు రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల్లో పనిచేసేవారికీ ఉద్దేశించినది. కొనేవారికి ఆ అర్హత లేకపోతే రాష్ట్ర నంబరుకు మార్చుకుని పన్ను కట్టాలి, ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లపాటు చెల్లుతుంది. ఆ గడువు దగ్గరపడిన బండిని మరో రాష్ట్రం నుంచి తెచ్చుకోవడం సరదాగా దాచుకునే యమహా ఆర్ఎక్స్ 100 వంటి పాత బండ్ల విషయంలో తప్ప లాభసాటి కాదని నా అభిప్రాయం. అలాంటి పాత బండ్లలో ఇంజన్, చాసిస్ నంబర్లను తిరిగి కొట్టినవి కూడా ఉంటాయి, చూపు తెలిసిన మెకానిక్ లేకుండా వాటి జోలికి వెళ్లకూడదు.

తర్వాత ఈ-చలాన్లు చూడాలి. జాతీయ ఈ-చలాన్ పోర్టల్‌తో పాటు, ఆ రాష్ట్ర పోలీసులకు సొంత సైట్ ఉంటే అక్కడ కూడా నంబరు కొట్టి చూడాలి. బకాయి చలాన్లు ఉంటే ఎన్‌ఓసి ఆగిపోవచ్చు. జరిమానా చిన్నదే అయినా, హెల్మెట్ లేని ఫోటోలు, సిగ్నల్ దాటిన ఫోటోలు వరుసగా కనిపిస్తే బండిని ఎలా నడిపారో కూడా వాటివల్ల కొంత అర్థమవుతుంది. దొంగబండి కాదని తేల్చుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో సదుపాయం ఉంది. డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఇంజన్, చాసిస్ నంబర్లు ఇస్తే ఆ వాహనం మీద దొంగతనం కేసు నమోదై ఉందో లేదో తెలిపే పత్రం వస్తుంది. ఎన్‌ఓసి దరఖాస్తుకు కూడా ఈ పత్రం పనికివస్తుంది.

అమ్మేది ఎవరు

ఆర్‌సిలో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, పేరున్న మనిషితోనే మాట్లాడాలి. "మా ఫ్రెండ్ బండి, నేనే చూస్తున్నాను" అనేవారితో బేరం ముందుకు సాగాలంటే ఆ ఫ్రెండ్ ఒకసారి వీడియో కాల్‌లోకి రావాలి. మూడు చేతులు మారినా పేరు మాత్రం మొదటి యజమాని మీదే ఉండిపోయిన బండ్లు చాలా ఉన్నాయి; వాటికి ముందే సంతకాలు పెట్టించిన ఫారాలు ఒక చేతి నుంచి మరో చేతికి వస్తుంటాయి. అలాంటి బండికి సంబంధించి ఆ మొదటి యజమాని ఫోన్ ఎత్తకపోతే మీ పని అక్కడితో నిలిచిపోతుంది. యజమాని చనిపోయి ఉంటే ముందుగా వారసులు ఫారం 31 ద్వారా తమ పేరు మీదకు మార్చుకోవాలి, ఆ తర్వాతే అమ్మకం.

ఆన్‌లైన్ ప్రకటనల్లో ఏళ్లుగా నడుస్తున్న ఒక మోసం తెలుగువారిని కూడా చాలామందిని ముంచింది. అమ్మే వ్యక్తి తాను సైన్యంలోనో ఎయిర్‌పోర్టుల భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్‌లోనో ఉద్యోగినని, బదిలీ మీద వెళ్తున్నందువల్ల బండిని తక్కువ ధరకు ఇస్తున్నానని చెబుతాడు. యూనిఫాంలో ఫోటో, గుర్తింపు కార్డు, ఆర్‌సి అన్నీ వెంటనే పంపుతాడు. బండి ఎయిర్‌పోర్టు ఆవరణలో ఉంది కనుక చూడడం కుదరదని, ఆర్మీ పార్సిల్‌లో నేరుగా ఇంటికే వస్తుందని నమ్మబలికి, రవాణా ఖర్చు పేరుతో కొంత, ఇన్సూరెన్స్ పేరుతో కొంత, జీఎస్టీ పేరుతో ఇంకొంత లాగుతాడు. ఆ కార్డు, ఆ ఆర్‌సి ఎవరో అమాయకుల నుంచి సంపాదించినవి. బండిని చూడనివ్వని అమ్మకందారు ఎవరైనా, చెప్పే కారణం ఎంత గౌరవప్రదమైనదైనా, ఆ సంభాషణను అక్కడే ముగించాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు, "అడ్వాన్స్ తిరిగి ఇస్తాను, క్యూఆర్ స్కాన్ చేయండి" అంటే అది మీ ఖాతా ఖాళీ చేసే ప్రయత్నమే. ఇప్పటికే సొమ్ము పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ.

నిజమైన అమ్మకందారుకు కూడా మీ మీద అనుమానాలు ఉంటాయి. మీరే ముందుగా మీ పేరు, ఊరు, ఉద్యోగం చెప్పి, మీ గుర్తింపు పత్రాన్ని చూపించడానికి సిద్ధపడితే సంభాషణ ధోరణే మారిపోతుంది. ఆధార్ ప్రతి పంపేటప్పుడు దాని మీద అడ్డంగా ఏ బండి కొనుగోలు కోసం, ఏ తేదీన ఇస్తున్నారో రాసి పంపండి, ఎదుటివారినీ అలాగే పంపమనండి.

వీడియో కాల్‌లో ఏం చూడాలి

ఫోటోలకన్నా, ముందే తీసి పంపిన వీడియోలకన్నా ప్రత్యక్ష వీడియో కాల్ వంద రెట్లు ఉపయోగం. ఉదయం పూట, ఆ రోజు బండి ఇంకా స్టార్ట్ చేయకముందు కాల్ పెట్టుకోవాలి. మొదటగా అమ్మేవారిని సైలెన్సర్ మీద చెయ్యి వేయమని అడగండి. చల్లగా ఉంటే ఇబ్బంది లేకుండా వేస్తారు. తర్వాత కెమెరా ఆపకుండా ఫ్రేమ్ మెడ భాగంలో, అంటే హ్యాండిల్ కింద ఉన్న చాసిస్ నంబరును దగ్గరగా చూపించమనాలి. దుమ్ము పట్టి ఉంటే గుడ్డతో తుడిపించాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ చాసిస్ నంబరు ఎంఈ3 అనే అక్షరాలతో మొదలవుతుంది. అంకెలన్నీ ఒకే లోతుతో, ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసి, ఆర్‌సిలోని నంబరుతో ఒక్కొక్కటీ పైకి చదువుతూ పోల్చుకోవాలి. ఇంజన్ నంబరుకూ అంతే. ఆ తర్వాత కిలోమీటర్ల మీటరు, అక్కడి నుంచి స్టార్టర్ బటన్.

చల్లని ఇంజన్ మొదటి రెండు మూడు ప్రయత్నాల్లో అందుకోవాలి. స్టార్ట్ అయినప్పుడు ఫోన్‌ను ఇంజన్ దగ్గర నిశ్చలంగా పట్టుకోమని చెప్పి ఐదు నిమిషాలు వినండి. వాల్వుల టిక్ టిక్ శబ్దం సన్నగా, సమంగా ఉంటే కంగారు లేదు. లోపలి నుంచి గొలుసు కొట్టుకుంటున్నట్టు శబ్దం వచ్చి వేడెక్కిన తర్వాత కూడా తగ్గకపోతే ఇంజన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్ చైన్‌ను అనుమానించాలి. చలి ఉదయాన తెల్లని ఆవిరి కొద్దిసేపు రావడం మామూలే. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోందని అర్థం. ఫోన్‌లో శబ్దం పూర్తిగా తెలియదు కనుక ఈ దశలో బండి బాగుందని తీర్పు చెప్పలేం. ప్రయాణం చేయదగినంత బాగుందా లేదా అన్నంతవరకే తేల్చుకోగలం.

ఎదురుగా నిలబడి చూడడం

వీలైతే మీరే వెళ్లండి. వీలుకాకపోతే అక్కడ ఉండే బంధువునో స్నేహితుడినో ఒంటరిగా కాకుండా ఒక మెకానిక్‌తో కలిపి పంపండి. మెకానిక్‌కు అతని సమయానికి తగిన డబ్బు మీరే ఇవ్వాలి, అమ్మేవారు తెచ్చిన మెకానిక్ మాట మీకు సాక్ష్యం కాదు. అన్నిటికన్నా మంచిది, అమ్మేవారి అంగీకారంతో బండిని కంపెనీ సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లి తనిఖీ చేయించడం. అక్కడ రిజిస్ట్రేషన్ నంబరుతో పాత సర్వీసు వివరాలు కూడా బయటికి వస్తాయి. ప్రతి సర్వీసు బిల్లు మీదా ఆనాటి కిలోమీటర్లు ఉంటాయి కాబట్టి మీటరును వెనక్కి తిప్పి ఉంటే ఆ బిల్లులే పట్టిస్తాయి.

హిమాలయన్ 411లో మొదట చూడవలసింది హ్యాండిల్ కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి ఫ్రేమ్ మెడలో ఉండే బేరింగులు. ఈ బండిలో అది త్వరగా అరిగిపోతుందన్న సంగతి దీన్ని నడిపేవారందరికీ తెలిసిందే. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాలిలోకి లేచేలా వెనుక బరువు పెట్టించి, హ్యాండిల్‌ను ఒక వేలితో అటూ ఇటూ తిప్పాలి. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయినట్టే. ఆ తర్వాత ఫోర్కుల కింది భాగాలను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టకమని కదలిక తెలియకూడదు. మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు గానీ, బేరంలో చెప్పవలసిన మాట. ఫోర్క్ గొట్టాల మీద నూనె చారలు ఉంటే సీల్స్ కారుతున్నాయి. వెనుక చక్రాన్ని పక్కలకు ఊపి స్వింగ్ ఆర్మ్ బుష్‌నూ వీల్ బేరింగ్‌నూ, చక్రం తిప్పి స్పోకుల బిగువునూ రిమ్ వంకరనూ చూడాలి. ఈ బండి ముందు చక్రం 21 అంగుళాలది, రాళ్ల దారుల్లో గట్టిగా నడిపిన బండ్లలో రిమ్ అంచు మీద సొట్టలు కనిపిస్తాయి. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే సెట్ మొత్తం మార్చవలసిందే.

టైర్ల పక్కభాగంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న బండికి కొత్త టైర్లు, అరిగిన ఫుట్‌రెస్ట్ రబ్బర్లు ఉంటే ఆ కిలోమీటర్లను నమ్మడం కష్టం.

ప్రమాదానికి గురైన బండిని పట్టుకోవడానికి పెయింట్‌కన్నా ఫ్రేమ్‌ను చూడడం మేలు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రేమ్‌కు తగిలి ఆగే చిన్న మెట్టు సొట్టపడి ఉండడం, వెల్డింగ్ మీద కొత్త రంగు, ఒకవైపు బోల్టులు మాత్రమే కొత్తవిగా మెరవడం వంటివి గట్టి సూచనలు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంటే మరేమీ ఆలోచించకుండా వదిలేయాలి. ధర తగ్గించినా అలాంటి బండి వద్దు.

నీటిలో మునిగిన బండ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మోసపోవడం చాలా తేలిక. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ప్రాంతాలు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు చెన్నై, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి మన విజయవాడలోని సింగ్ నగర్ నీట మునిగాయి. అప్పుడు నీళ్లలో రోజుల తరబడి నిలిచిన బండ్లలో కొన్ని శుభ్రంగా కడిగి, ఆయిల్ మార్చి, అమ్మకానికి దూరపు ఊళ్లకు వెళ్లి ఉండవచ్చు. సీటు తీసి కింద వైర్ల జోడింపులను విప్పి చూడండి. రాగి పిన్నుల మీద పచ్చటి పొడి పట్టి ఉంటే అనుమానించాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున సన్నని ఒండ్రు, హెడ్‌లైట్ లోపల అడ్డంగా మట్టి గీత, మీటరు అద్దం లోపల చెమ్మ, సీటు అడుగున ఇనుప భాగాలకు ఒకే ఎత్తు వరకు పట్టిన తుప్పు కూడా అదే కథ చెబుతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్ ఉన్న బండికి నీళ్లు తగిలితే ఇబ్బంది నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి అమ్మినవారు ఎవరో మీరెవరో.

సైలెన్సర్ మార్చి ఉంటే కంపెనీ సైలెన్సర్ ఇవ్వమని అడగండి, ఎందుకంటే రేపు మన ఆర్టీఓ తనిఖీకి అది కావాలి. రెండో తాళం చెవి, సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్స్ అసలు ప్రతి కూడా అప్పుడే చూసుకోవాలి.

ధర

ప్రకటనలోని ధరను మీ ఊళ్లో అలాంటి బండి ధరతో పోల్చేముందు దానికి కొన్ని ఖర్చులు కలపాలి: ఆంధ్రప్రదేశ్‌లో కట్టవలసిన లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను), రెండు వైపులా ఆర్టీఓ ఫీజులు, ఇన్సూరెన్స్ మార్పు, రవాణా, వెంటనే మార్చవలసిన టైర్లూ చైన్ సెట్టూ. అన్నీ కలిపాక తేడా మిగలకపోతే దూరం వెళ్లడంలో అర్థం బండి అరుదైనది కావడంలోనే ఉంటుంది. లైఫ్ ట్యాక్స్ ఎంతో బండి వయసును, తొలి ధరను బట్టి మారుతుంది కాబట్టి ఏజెంటు నోటిమాట మీద కాకుండా రవాణా శాఖ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి. కర్ణాటకలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి చెందిన భాగాన్ని తిరిగి కోరవచ్చు. ఆ దరఖాస్తు ఎవరు పెడతారు, వచ్చిన సొమ్ము ఎవరికి అన్నది బేరంలోనే తేల్చుకుని కాగితం మీద రాసుకోకపోతే తర్వాత మనస్పర్థలు తప్పవు.

ఎన్‌ఓసి, ఒప్పందం, డబ్బు

ఈ మూడింటి వరుసే మొత్తం వ్యవహారానికి వెన్నెముక. బండి మీద బ్యాంకు ఫైనాన్స్ ఉంటే ముందుగా అమ్మేవారు అప్పు తీర్చి, బ్యాంకు ఇచ్చిన పత్రంతో, ఫారం 35తో ఆర్‌సిలోని ఆ నమోదును తీయించాలి. "లోన్ అయిపోయింది" అన్నంత మాత్రాన రికార్డు మారదు. అప్పు తీరినా పేరు తీయించుకోనివారు చాలామంది ఉంటారు. ఆ తర్వాత ఫారం 28 ద్వారా తమ ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసికి దరఖాస్తు చేయాలి. అందులో మీ ప్రాంతపు ఆర్టీఓ కార్యాలయం పేరు సరిగ్గా ఉండాలి, వేరే జిల్లా పేరు పడితే మళ్లీ మొదటికి వస్తుంది. ఈ పనులన్నీ రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీల మీద నడుస్తాయి. కాబట్టి ఆ నంబరు ఇప్పటికీ అమ్మేవారి చేతిలో ఉందో లేదో మొదటి వారంలోనే అడగండి. పాత సిమ్ పోగొట్టుకున్నవారు ముందు ఆ నంబరు మార్పించుకోవాలి.

ఇక్కడ అమ్మేవారికి న్యాయమైన భయం ఒకటి ఉంది. మీ ఊరి పేరు మీద ఎన్‌ఓసి తీసుకున్నాక మీరు మనసు మార్చుకుంటే, దాన్ని రద్దు చేయించుకోవలసిన తిప్పలు వారివి. పూర్తి సొమ్ము ముందే ఇవ్వడం మీకు ప్రమాదం, ఏమీ తీసుకోకుండా ఎన్‌ఓసి పెట్టడం వారికి నష్టం. అందువల్ల బండిని చూసి ధర ఖాయమయ్యాక, పోతే బాధపడినా కుంగిపోనంత చిన్న అడ్వాన్స్ బ్యాంకు ఖాతాకు పంపి, ఒక ఒప్పందం రాసుకోవడం ఇద్దరికీ సమంజసం. అందులో బండి వివరాలు, చాసిస్, ఇంజన్ నంబర్లు, మొత్తం ధర, అడ్వాన్స్, ఎన్‌ఓసి రాకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, కొనేవారు వెనక్కి తగ్గితే ఏమవుతుంది, చలాన్ల బాధ్యత ఏ తేదీ వరకు ఎవరిది అన్నవి ఉండాలి.

ఎన్‌ఓసి వచ్చాక పోర్టల్‌లో సరిచూసుకుని, బండి దగ్గరకు వెళ్లి, ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద సంతకాలు ఆర్‌సిలోని సంతకంతో పోలేలా మీ కళ్లముందే పెట్టించుకోవాలి. ఫారాల్లో తేదీ, కొనేవారి పేరు ఖాళీగా వదలవద్దు. బండి అప్పగించిన తేదీనీ గంటనూ రాసిన అప్పగింత పత్రం మీద ఇద్దరూ సంతకం చేయాలి. ఆ గంట తర్వాత జరిగేదానికి బాధ్యత ఎవరిదో చెప్పేది అదే. మిగిలిన సొమ్ము ఆర్‌సిలో పేరున్నవారి బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. అయితే యూపీఐకి సాధారణంగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంటుంది, కొత్తగా చేర్చిన ఖాతాకు పెద్ద మొత్తం పంపకుండా బ్యాంకులు మొదటి రోజు అడ్డుపడతాయి. బయలుదేరే ముందే ఆ ఖాతాను చేర్చి, ఒక రూపాయి పంపి పేరు సరిచూసుకుంటే అమ్మేవారి ఇంటి ముందు నిలబడి బ్యాంకుకు ఫోన్లు చేసే పరిస్థితి రాదు.

ఇంటికి తేవడం

నడుపుకుంటూ రావాలనుకునేవారు బ్రేకులు, టైర్లు, ఆయిల్, చైన్ చూపించుకున్నాకే బయలుదేరాలి. దూరం ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఇంకా అలవాటు కాని బండి మీద ఆ దూరాన్ని ఒకే రోజున తీసుకోవడం నాకు నచ్చని పని, మధ్యలో ఒక రాత్రి ఆగండి. ఆర్‌సి, ఎన్‌ఓసి, ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం, అప్పగింత పత్రం వెంట ఉండాలి. చట్టం ప్రకారం బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) కొత్త యజమానికి కొనసాగుతుంది. కానీ మీ పేరు మీదకు పాలసీ మారేదాకా బండికి జరిగిన నష్టానికి పరిహారం వస్తుందని ఆశించకూడదు.

రైలులో పంపడానికి రెండు మార్గాలున్నాయి. మీరూ అదే రైలులో టికెట్ మీద వస్తుంటే లగేజీగా, మీరు రాకపోతే పార్సిల్‌గా పంపవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సి, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు ప్రతులు ఇవ్వాలి. స్టేషన్ దగ్గర గడ్డి, గోనెపట్టాలతో చుట్టేవారు ఉంటారు. అద్దాలు, ఇండికేటర్లు విప్పి సంచిలో మీరే తెచ్చుకుంటే విరగవు. ఎక్కడి నుంచి ఎక్కడికో పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్కను బండికి రెండు వైపులా కట్టాలి. మధ్యలో రైలు మారనవసరం లేని సర్వీసు ఎంచుకోవాలి. మారే స్టేషన్‌లోనే బండ్లు దెబ్బతింటాయి, ఆలస్యమవుతాయి. బండి విలువను ప్రకటించి దానికి తగిన రుసుము కట్టకపోతే, దెబ్బ తగిలినప్పుడు పరిహారం బరువు లెక్కన చాలా స్వల్పంగానే వస్తుంది. చేరిన తర్వాత తీసుకెళ్లడం ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని బట్టి అదనపు రుసుము పడుతుంది. ప్యాకర్స్‌కు ఇచ్చేవారు బండి ఎక్కించే ముందు నలువైపులా వీడియో తీసి, సొట్టలన్నీ రసీదు మీద రాయించుకోవాలి.

పేరు మార్పు

వేరే రాష్ట్రపు బండిని 12 నెలలు అలాగే నడపవచ్చని చాలామంది చెబుతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లోని ఆ గడువు తన బండితో తానే వేరే రాష్ట్రానికి వచ్చినవారికి వర్తించేది. కొన్నవారు 50వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో యాజమాన్య మార్పును తెలియజేయాలి. పాలసీ బదిలీకి ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడాను కట్టించుకుని పాలసీ మారుస్తారు.

ఆర్టీఓ కార్యాలయంలో ఫారం 27తో కొత్త నంబరుకు, ఫారం 30తో పేరు మార్పుకు దరఖాస్తు చేసి, లైఫ్ ట్యాక్స్ కట్టి, బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి చాసిస్ నంబరు చూస్తారు. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ప్రింట్ కూడా అడుగుతారు కాబట్టి ముందురోజే ఆ భాగాన్ని శుభ్రం చేసి ఒకటి రెండు ప్రింట్లు తీసి ఉంచుకోండి. అదనపు లైట్లు, శబ్దం చేసే సైలెన్సర్ తీసేసి వెళ్లాలి.

ఈ పని వాయిదా వేయడం అమ్మినవారికి కూడా అన్యాయం. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని తేల్చింది. మీరు పేరు మార్చుకోనంతకాలం విజయవాడలో మీ బండికి జరిగే ప్రమాదానికి బెంగళూరులోని మనిషి కోర్టు చుట్టూ తిరగవలసి రావచ్చు. అందుకే కొత్త ఆర్‌సి రాగానే దాని ప్రతిని ఆయనకు పంపండి, లైఫ్ ట్యాక్స్ వాపసుకు కూడా ఆయనకు అదే కావలసి ఉంటుంది. ఆ తర్వాత కొత్త నంబరుకు హై సెక్యూరిటీ ప్లేటు బుక్ చేసి, పాత కేఏ (కర్ణాటక) ప్లేటును తీసేయించి, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి.